ఆర్తులకు నీడ... ఆరోగ్యవనం

దేవాలయానికి వెళ్ళని ఇల్లు ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు గాని, ఆసుపత్రి గడప తొక్కని ఇల్లు ఈ రోజుల్లో లేదు. దేవాలయమంటే గర్భాలయం, ముఖమండపం, ధ్వజస్తంభం, కోనేరు, పూలతోట ఉండాలని మన పెద్దలు నిర్ణయించారు. మరి మనిషి ఆర్తుడై, భయంతో, ప్రాణాలు అరచేత పట్టుకొని చేరే ఆసుపత్రిలో ఏమేమి ఉండాలి? మంచి వైద్యుడు, మంచి మందు ఉండాలని అందరూ చెబుతారు. కూర్చోవడానికి ఒక తిన్నె, దాని మీద ఒక చెట్టు నీడ, కళ్ళకు కాస్త పచ్చదనం కూడా చికిత్సలో భాగమేనని ఈ వారం మీకు మనవి చేయదలచాను. ఈ మాట నేను గ్రంథాలలో చదివి తెలుసుకొన్నది కొంత, అనుభవించి తెలుసుకొన్నది కొంత.

ఒక వేపచెట్టు నేర్పిన పాఠం

కొన్నేళ్ళ క్రితం వైశాఖమాసంలో నా తమ్ముడు మా ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉండవలసి వచ్చింది. రోగి వెంట లోపల ఒక్కరినే ఉండనిచ్చేవారు. మిగిలిన బంధువులందరికీ ఆవరణలోని ఒకే ఒక్క వేపచెట్టు ఆశ్రయం. దేవరకొండ వైపు నుండి, అచ్చంపేట వైపు నుండి వచ్చినవారు అక్కడే సద్దిమూటలు విప్పుకొనేవారు. అక్కడే పిల్లలను నిద్రపుచ్చేవారు. లోపలి నుండి పిలుపు ఎప్పుడు వస్తుందోనని అక్కడే ఎదురు చూసేవారు. నేను సంధ్యావందనం చేసుకొన్నదీ ఆ చెట్టు క్రిందనే.

ఎనిమిదవ రోజు ఉదయం చూసేసరికి ఆ చెట్టు లేదు. వాహనాలు నిలపడానికి చోటు కావాలని రాత్రికి రాత్రి కొట్టివేశారు. మిగిలిన మొదలు ప్రక్కన నిలబడి ఒక వృద్ధురాలు నన్ను అడిగింది: “అయ్యా, లోపల పేషెంటుకు మంచమన్న ఉన్నది. మాకు ఈ చెట్టొక్కటే దిక్కుండె. ఇగ మేము యాడ గూసోవాలె?”

నలభై ఏళ్ళుగా వేదం చెప్పుకొంటున్నవాణ్ణి. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేకపోయింది. తమ్ముడు కోలుకొని ఇంటికి వచ్చాడు. ఆ ప్రశ్న కూడా నా వెంట ఇంటికి వచ్చింది.

శాస్త్రం ఏమంటున్నది?

మనం నిత్యం అభిషేక సమయంలో పఠించే శ్రీరుద్రం పరమేశ్వరుని మొట్టమొదటి దివ్యవైద్యుడని కీర్తిస్తుంది. అదే శ్రీరుద్రం ఆకుపచ్చని ఆకులే కేశాలుగా గల వృక్షాలకు నమస్కరిస్తుంది. వైద్యునికి, వృక్షానికి ఒకే అనువాకాల వరుసలో నమస్కారం అందడం గమనించదగిన విషయం. ఋగ్వేదం పదవ మండలంలోని ఓషధి సూక్తం మూలికలను తల్లులుగా సంబోధిస్తుంది. తల్లి ఎదుట ఉంటే బిడ్డకు సగం బాధ తీరుతుందన్నది లోకానుభవం.

ఇక చరక సంహిత సంగతి చూడండి. సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడ్డాయి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుంటుపడినా చికిత్స సాగదు. పదిహేనవ అధ్యాయంలో చికిత్సాగృహం ఎలా ఉండాలో ఆచార్యుడు వర్ణించాడు. కట్టడం దృఢంగా ఉండాలి. ఈదురుగాలి తగలకూడదు, అయినా ఒక వైపు నుండి గాలి ధారాళంగా రావాలి. నడవడానికి సుఖంగా ఉండాలి. పొగ, ఎండ, దుమ్ము చొరబడకూడదు. మనసుకు నచ్చని శబ్దాలు, వాసనలు, దృశ్యాలు దరిచేరకూడదు. రోగి దగ్గర పాటలు పాడేవారు, కథలు, ఇతిహాస పురాణాలు చెప్పేవారు కూడా ఉండాలట! శరీరానికి మందు ఇస్తూనే పంచేంద్రియాలకూ పథ్యం ఏర్పాటు చేయమని ఆ మహర్షి హృదయం. నేటి ఆసుపత్రులలో మందుల వాసన, యంత్రాల మోత, తెల్లని గోడలు తప్ప రోగి ఇంద్రియాలకు అందేదేమున్నది?

శిలల మీద నిలిచిన ధర్మం

ఇది గ్రంథాలకే పరిమితమైన మాట కాదు. మన పాలమూరుకు దక్షిణాన కృష్ణ, తుంగభద్ర నదులు దాటితే కర్నూలు జిల్లాలో ఎర్రగుడి ఉన్నది. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో అశోక చక్రవర్తి చెక్కించిన ధర్మశాసనాలు అక్కడి బండల మీద నేటికీ ఉన్నాయి. మనుషులకు, పశువులకు చికిత్స ఏర్పాటు చేయించానని, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించానని ఆయన రెండవ శాసనం తెలుపుతుంది. వైద్యం, మొక్క, నీరు... మూడూ ఒకే శాసనంలో! ఆ తరువాత క్రీ.శ. 1261 నాటి మల్కాపురం శాసనం కాకతి రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి అనుబంధంగా ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యాలయం, అన్నసత్రం నడిచిన వైనాన్ని చెబుతుంది. రోగిని ఆదరించడం మన దేవస్థానాలకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

నిన్నమొన్నటి కాలంలోనూ ఈ దృష్టి ఉండేది. క్షయకు సరైన మందు లేని రోజుల్లో విశ్రాంతి, శుభ్రమైన గాలి, మంచి ఆహారమే చికిత్స. 1912లో మదనపల్లె ప్రాంతంలో ఆరంభమైన క్షయ చికిత్సాలయం వల్ల ఆ చోటికి ‘ఆరోగ్యవరం’ అన్న పేరే స్థిరపడింది. మనకు చేరువలో వికారాబాద్ అనంతగిరి అడవిలోనూ, అనంతపద్మనాభస్వామి కొలువైన కొండల మీద, క్షయరోగుల ఆసుపత్రి వెలసింది. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన పెద్ద ఆసుపత్రిని ఆంగ్లేయ వాస్తుశిల్పి కీత్ క్రిచ్‌లో ఆలయాన్ని తలపించే గోపురాలతో, ఎదుట విశాలమైన తోటతో రూపొందించాడు.

కిటికీలోంచి కనబడిన చెట్టు

ఆధునికులు దేనికైనా లెక్క అడుగుతారు. అడగడం మంచిదే. రోజర్ ఉల్రిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1984లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశీలన ప్రచురించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుండి 1981 వరకు పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది రికార్డులను ఆయన పోల్చి చూశాడు. వారిలో 23 మంది గది కిటికీలోంచి చెట్లు కనబడేవి. మిగిలిన 23 మందికి ఇటుకగోడ కనబడేది. చెట్లు చూసినవారు సగటున ముప్పావు రోజు ముందుగా ఇంటికి వెళ్ళారు. తీవ్రమైన నొప్పి మందులు తక్కువగా వాడారు. వారిని గురించి నర్సులు వ్రాసుకొన్న ఫిర్యాదు మాటలూ తక్కువే. ఇది చిన్న పరిశీలన. చెట్టు రోగాన్ని నయం చేసిందని ఆయన అనలేదు, నేనూ అనను. మందు చేసే పనికి చెట్టు తోడు నిలుస్తుందన్నంత వరకే దీని భావం. సింగపూరులో 2010లో ప్రారంభమైన కూ టెక్ పువాట్ ఆసుపత్రిని భవనం నడుమ, అంతస్తుల మీద, పైకప్పు మీద కూడా తోటలు ఉండేలా కట్టారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు ఎవరైనా ఉంటే అడిగి చూడండి.

రోగియైన మహావృక్షం

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. పాలమూరు అనగానే గుర్తుకు వచ్చేది పిల్లలమర్రి. సుమారు ఏడు వందల ఏళ్ళ వయసు గల ఆ వటవృక్షం ఎన్ని తరాలకు నీడనిచ్చిందో లెక్క లేదు. అటువంటి చెట్టు 2017 చివరలో చెదలు పట్టి, కొమ్మ విరిగి పడే స్థితికి చేరగా సందర్శకులను ఆపివేశారు. మరుసటి సంవత్సరం అటవీ శాఖవారు మందు కలిపిన సెలైన్ సీసాలను వందల సంఖ్యలో కొమ్మలకు వ్రేలాడదీసి, చుక్క చుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మలకు ఆధారంగా స్తంభాలు కట్టారు. చెట్టు మళ్ళీ చిగిర్చింది.

ఆ చిత్రాన్ని పత్రికలలో చూసినప్పుడు నాకు కన్నీరు వచ్చింది. మనిషికి నీడనిచ్చిన చెట్టు తానే మంచాన పడితే మనిషి వైద్యం చేశాడు. చెట్టుకు మనం సెలైన్ ఎక్కించగలిగినప్పుడు, సెలైన్ ఎక్కించుకొంటున్న మనిషికి ఒక చెట్టును ఎందుకు ఇవ్వలేము?

దీనికి ఇదే అదను. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019లో తరగతులు మొదలయ్యాయి. ప్రభుత్వ ఆసుపత్రుల పరిశుభ్రతకై కేంద్రం 2015లో తెచ్చిన ‘కాయకల్ప్’ పథకంలో తోటల పోషణకు కూడా మార్కులున్నాయి. భవనాలు లేస్తున్నాయి. వాటి చుట్టూ మొరం నేల, బండరాయి, మండుటెండ ఉన్నాయి. నీడ మాత్రం తనంత తాను లేవదు.

నేను చేసిన పొరపాటు

ఆ వృద్ధురాలి ప్రశ్నకు సమాధానంగా నేను ఉత్సాహపడి ఒక పని చేశాను. కొందరు భక్తుల సహాయంతో మరొక ఆసుపత్రి ఆవరణలో శ్రావణమాసంలో నక్షత్రవనం ప్రతిష్ఠించాము. ఇరవై ఏడు నక్షత్రాలకు ఇరవై ఏడు మొక్కలు. హోమం చేశాము, ప్రసాదాలు పంచాము, ఫోటోలు దిగాము. ఆ సాయంత్రం అక్కడి హెడ్ నర్సమ్మ నా దగ్గరకు వచ్చి వినయంగా అన్నది: “అయ్యగారూ, ఒక్క మాట అడగనా? మీరు జిల్లేడు పెట్టింది పిల్లల వార్డు ముందట. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం కదండీ. ఆ ముష్టి గింజ ఎవరన్నా నోట్లో వేసుకుంటే మా దగ్గరికే తేవాలె.”

నేను తల వంచుకొన్నాను. శ్రవణానికి జిల్లేడు, అశ్వినికి ముష్టి అని శాస్త్రం చదివి నాటానే గాని, ఎక్కడ నాటుతున్నానో చూడలేదు. అశ్వినికి అధిదేవతలు సాక్షాత్తు దేవవైద్యులు. వారి వృక్షాన్ని ఎప్పుడు, ఎంత మోతాదులో వాడాలో వైద్యునికి తెలుసు. ఆడుకొనే పసివానికి తెలియదు. మరునాడే ఆ రెండు మొక్కలనూ తీయించాను. అంతకంటె పెద్ద పొరపాటు ఉగాదికి బయటపడింది. నీళ్ళు పోసేవారిని మేము ఏర్పాటు చేయలేదు. మిగిలిన ఇరవై ఐదు మొక్కలలో మూడే బ్రతికాయి. మంత్రం మేము చదివాము, నీరు మరచాము.

అందుకే ఈసారి ఆ నర్సమ్మను, ఒక వైద్యుణ్ణి, అనుభవజ్ఞుడైన ఒక తోటమాలిని అడిగి తెలుసుకొన్న సంగతులను మీ ముందు ఉంచుతున్నాను.

ఏవి నాటాలి? ఏవి కూడదు?

మన ఎర్రచెలక నేలకు, తక్కువ వానకు వేప, కానుగ, పొగడ తగిన నీడచెట్లు. కానుగ నడివేసవిలోనే క్రొత్త ఆకు తొడిగి నిండు నీడనిస్తుంది. రావి, మర్రి పూజ్యవృక్షాలే గాని వాటి వేళ్ళు గోడలను, మురుగు కాలువలను చీలుస్తాయి. కట్టడానికి దూరంగా, విశాలమైన చోట ఉంటేనే వాటికీ మనకూ క్షేమం. మారేడు కాయ బరువైనది కనుక దాని క్రింద తిన్నె వేయరాదు. నేరేడు పండ్లు రాలి బాట జారుతుంది. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు శివునికి ప్రీతికరమైనవే. అవి మన ఆలయపు తోటలో ఉండనివ్వండి. హాలాహలాన్ని కంఠాన నిలిపిన స్వామికి అవి చెల్లుతాయి, రోగుల ఆవరణకు చెల్లవు. సంపెంగ, రాత్రిరాణి వంటి ఘాటైన పరిమళాలు వార్డు కిటికీల ప్రక్కన వద్దు. మందుల వల్ల వికారం కలిగినవారికి అవి మరింత బాధ. మందారం, పారిజాతం, తులసి, మరువం, దవనం చాలు. వయ్యారిభామ ఎక్కడ మొలిచినా వేళ్ళతో పెరికివేయాలి. నీటి తొట్లు, కొలనులు దోమలకు నెలవులు కనుక వాటి జోలికి పోకపోవడమే మేలు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు మట్టిని, కుండీలను తాకరాదని వైద్యులు చెబుతారు. వారికి కిటికీలోంచి కనబడే పచ్చదనమే తోట.

ముగ్గురి కోసం మూడు చోట్లు

తోట వేసేముందు అది ఎవరికోసమో తలచుకోవాలి.

మొదటివాడు రోగి. యాదగిరిగుట్టలో వైద్య నరసింహుడని పేరుగాంచిన స్వామి సన్నిధిలో వ్యాధిగ్రస్తులు మండలం రోజులు ప్రదక్షిణలు చేసే ఆచారం మీకు తెలిసినదే. కోలుకొంటున్న రోగికి ఆసుపత్రిలోనూ అటువంటి ప్రదక్షిణ మార్గం ఒకటి కావాలి. ఒక చెట్టు చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే బాట అయితే దారి తప్పుతామన్న భయం ఉండదు. చక్రాల కుర్చీ, సెలైన్ స్టాండు సాఫీగా కదిలేటట్లు బాట కనీసం ఐదడుగుల వెడల్పుతో, జారని గచ్చుతో ఉండాలి. పన్నెండు అడుగుల దూరానికి ఒక అడుగుకు మించి ఎత్తు పెరగకూడదు. ముప్పై నలభై అడుగులకొకటిగా వీపు ఆనించుకొనే, చేతులు మోపి లేవడానికి పిడులున్న బెంచీలు ఉండాలి. చుట్టూ గట్టులేని అరుగు మీద కూర్చొన్న ముసలివారు లేవడానికి పడే అవస్థ నేను చూశాను.

రెండవవారు వెంట వచ్చినవారు. ఆ వృద్ధురాలు అడిగిన చోటు వీరిదే. నిండు నీడ, సద్ది తినడానికి శుభ్రమైన తిన్నె, చేతులు కడుక్కొనే కుళాయి, రాత్రివేళ ఒక దీపం. నల్లగొండ జిల్లావారికి ఫ్లోరైడ్ నీటి బాధ వేరే చెప్పనక్కరలేదు. అక్కడ పెట్టే చలివేంద్రంలో పరీక్షించిన నీరే ఉండాలి. లోపలి నుండి పేరు పిలిస్తే వినబడేంత దగ్గరలో ఈ చోటు ఉండాలి. లేకపోతే భయంతో ఎవరూ తలుపు దగ్గర నుండి కదలరు, తోట ఖాళీగా మిగిలిపోతుంది.

మూడవవారిని మనం మరచిపోతాము. వారు నర్సులు, ఆయాలు, వార్డు బాయ్‌లు, వైద్యులు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వేళ వారు పడిన శ్రమ మనకు తెలియనిది కాదు. రాత్రంతా మెలకువగా ఉన్న నర్సమ్మకు, ఒక మరణాన్ని చూసి బయటికి వచ్చిన యువ వైద్యునికి పది నిమిషాలు ఎవరూ ఏమీ అడగని ఒక మూల కావాలి. పొదల చాటున నాలుగు బెంచీలు, రెండు చెట్లు చాలు. చరకుడు చెప్పిన నాలుగు పాదాలలో పరిచారకుడూ ఒక పాదమే కదా!

మరొక మాట. ఆసుపత్రికి అన్ని మతాలవారూ వస్తారు. తులసికోట ఒక ప్రక్కన ఉండవచ్చు. మిగిలిన తోట అందరిదీ కావాలి. వేపచెట్టు ఎవరి గోత్రమూ అడగదు.

నీరే ప్రాణం

నల్లగొండ ప్రక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది. అక్కడి గర్భాలయంలో పగలంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలవడం చూసి అందరూ ఆశ్చర్యపోతారు. ఆ ఆలయానికి దగ్గరలోనే ఉదయసముద్రం చెరువు ఉన్నది. ఆలయంతో పాటు నీటి వసతిని కూడా ఆలోచించిన పూర్వుల దూరదృష్టికి నమస్కరించాలి. మన తోటకు కూడా ముందు నీరు, తరువాత మొక్క. మొరం నేలలో మూడడుగుల గుంట తీసి, చెరువు మట్టి, పశువుల ఎరువు నింపాలి. ఆషాఢ శ్రావణాలలో నాటాలి. పాదులో మట్టికుండ పాతి నీరు నింపితే అది మెల్లగా చెమరుస్తూ వేళ్ళకు అందుతుంది. ఎండుటాకులు కప్పితే తేమ నిలుస్తుంది. కప్పు మీద పడిన వాననీటిని గుంటలోకి మళ్ళించాలి. వార్డుల నుండి వచ్చే మురుగునీటిని శుద్ధి చేయకుండా ఎన్నడూ వాడరాదు. మూడు వేసవులు దాటితే చెట్టు తనను తాను చూసుకొంటుంది. ఆ మూడు వేసవులూ మనమే దానికి పరిచారకులం.

అశోకవనంలో లోపించినదేమి?

తోట ఒక్కటే చాలునా? రామాయణంలో అశోకవనం కంటె అందమైన తోట ఏది? అయినా ఆ చెట్ల నడుమ సీతమ్మ శోకిస్తూనే ఉన్నది. చుట్టూ ఉన్నవారు బెదిరించేవారే. త్రిజట ఒక మంచి కల చెప్పింది. హనుమ శింశుపావృక్షం మీద నుండి, తల్లి భయపడకుండా, ఆమెకు తెలిసిన మాటలతో, మెల్లగా రామకథ ఎత్తుకొన్నాడు. అప్పుడు ఆ తల్లికి ఊపిరి నిలిచింది. చెట్టు కావాలి, చెట్టు దగ్గర మంచిమాట చెప్పే మనిషీ కావాలి. ఆసుపత్రి తోటలో ఒంటరిగా కూర్చొన్నవారిని “ఏ ఊరు తల్లీ, భోజనం చేశారా?” అని అడిగేవారు ఒక్కరున్నా అది నిజమైన ఆరోగ్యవనం.

కనుక భక్తులారా! మీ ఇంట ఎవరికైనా ఆరోగ్యం చేకూరితే మొక్కు చెల్లించుకొంటారు. పెద్దలు గతిస్తే వారి పేర దానం చేస్తారు. ఈసారి మీ ఊరి ఆసుపత్రి పెద్దను కలిసి, ఒక్క చెట్టు, ఒక్క బెంచీ మీ వంతుగా అడిగి తీసుకోండి. నాటే రోజున ఫోటో లేకపోయినా లోపం లేదు. మూడు వేసవులు నీరు పోసే మనిషికి జీతం ముందుగా కట్టండి. ఎక్కడైనా నిలిచి ఉన్న చెట్టును కొట్టబోతుంటే ఒక్క మాట అడ్డు చెప్పండి.

మా నక్షత్రవనంలో బ్రతికిన మూడింటిలో ఒకటి ఉత్తరాభాద్ర నక్షత్రపు వేప. ఆ నర్సమ్మ తన చేతులు కడిగిన నీటిని కూడా వృథా పోనీయక రెండేళ్ళు దానికి పోసిందట. మొన్న వెళ్ళి చూశాను. దాని క్రింద ఆరుగురు కూర్చొని సద్ది తింటున్నారు. ఆ నీడను ఎందరో ఆర్తులకు అందించగల శక్తిని ఆ వైద్య నరసింహుడు మనందరికీ అనుగ్రహించుగాక!